గీజర్ లైటు వెలుగుతుంది, నీళ్ళు కాగవు: 25 లీటర్ల గీజర్ మరమ్మతు డైరీ

గోడకు నిలువుగా బిగించిన 25 లీటర్ల, 2000 వాట్ల గీజర్ ఇది. ఉన్నది హైదరాబాద్‌లో, బోరు నీళ్ళూ కృష్ణా నీళ్ళూ ఒకే సంపులో కలిసే అపార్టుమెంటులో. రెండు చలికాలాలుగా ఎవరూ విప్పలేదు. కార్తీకమాసం తలస్నానాలు మొదలవగానే తేడా బయటపడింది. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, పావుగంట తిరక్కుండా ఆరిపోతుంది. నీళ్ళు చూస్తే గోరువెచ్చన. లోపల మరమరాలు వేగుతున్నట్టు టపటపమని చప్పుడు.

ఇదే లక్షణం ఉన్న గీజర్ మీ ఇంట్లో ఉంటే ఈ దశల వరుసలోనే వెళ్ళకండి. మేం తప్పు చేసిన చోట్ల సరైన వరుస ఏదో రాశాం, దాన్ని పాటించండి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. గీజర్ మూత విప్పేముందు స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు ఊడదీయాలి, బోర్డులో దాని ఎం.సి.బి. (ఆ లైనుకు కరెంటు తెంచే చిన్న స్విచ్) దించాలి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో టెర్మినళ్ళ మీద కరెంటు లేదని చూసుకోవాలి. మీటర్ పనిచేస్తోందో లేదో ముందు వేరే సాకెట్‌లో చూసుకోవాలి. తడి నేల, ఇనుప ట్యాంకు, 230 వోల్టులు ఒకేచోట ఉన్న పని ఇది. ఇల్లు మొత్తానికి ఆర్.సి.సి.బి. (కరెంటు ఎర్త్‌లోకి జారితే లైను తెంచే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి, గీజర్ తర్వాత.

దశ 0: కొలతలు (నవంబరు 3)

1. ఉదయం 6 గంటలకు కుళాయిలో చన్నీళ్ళ వేడి: 22 డిగ్రీలు.
2. గీజర్ నిండా చన్నీళ్ళు ఉండగా స్విచ్ వేసి, లైటు ఆరేదాకా పట్టిన సమయం: 12 నిమిషాలు.
3. వెంటనే వేడినీళ్ళ కుళాయి తిప్పి 20 లీటర్ల బకెట్ నింపి, కలియబెట్టి కొలిస్తే: 34 డిగ్రీలు.
4. చుక్కల కిట్‌తో నీటి కాఠిన్యం: లీటరుకు 520 మిల్లీగ్రాములు.

కాఠిన్యానికి తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 పెట్టిన హద్దు 200. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే ఈ నీళ్ళు హద్దు లోపలే ఉన్నా గీజర్‌కు మాత్రం శత్రువులే. నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ 910 చూపించింది. ఆ అంకెను బట్టి గార (కాగిన నీళ్ళు వదిలే సున్నపు పొర) సంగతి తేలదు, అందులో మామూలు ఉప్పు కూడా కలిసి ఉంటుంది. గార కట్టేది కాల్షియం, మెగ్నీషియం. వాటికి కాఠిన్యం కిట్టే వాడాలి.

ఇక లెక్క. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.19 కిలోజౌళ్ళు కావాలి. 25 లీటర్లను 22 నుంచి 60కి తేవాలంటే 25 × 4.19 × 38, దాదాపు 3980 కిలోజౌళ్ళు. 2 కిలోవాట్ల కాయిల్ (సెకనుకు 2 కిలోజౌళ్ళు ఇస్తుంది) అయితే 33 నిమిషాలు. ఇక్కడ 12 నిమిషాలకే లైటు ఆరుతోంది. ఆ 12 నిమిషాల్లో కాయిల్ ఇవ్వగలిగింది 1440 కిలోజౌళ్ళు, దానికి నీళ్ళు పెరిగేది 14 డిగ్రీలు, అంటే 36. కొలతలో 34 వచ్చింది. కాబట్టి కాయిల్ వేడి ఇస్తోంది, నీళ్ళు కాగాక కరెంటు ఆపాల్సిన థర్మోస్టాటే తొందరపడి కట్ చేస్తోంది. ఇంతవరకూ ఆలోచన సరైనదే. ఆ రెండు డిగ్రీల తేడాను మాత్రం అప్పుడు పట్టించుకోలేదు, దశ 6లో మళ్ళీ అదే ఎదురైంది.

ఖర్చు: కాఠిన్యం కిట్ 350, గుచ్చే థర్మామీటర్ 250. మొత్తం 600 రూపాయలు. సమయం: గంటన్నర.

దశ 1: థర్మోస్టాట్ మార్చాం, అనవసరంగా (నవంబరు 4)

కింది మూత రెండు స్క్రూలు విప్పితే కాయిల్ టెర్మినళ్ళు, థర్మోస్టాట్, ఎర్ర బటన్ ఉన్న కటౌట్ (థర్మోస్టాట్ ఆపకపోతే కరెంటు తెంచేది) కనిపిస్తాయి. తీగలు పీకకముందే ఫోటో తీసుకోండి.

1. కాయిల్‌కు వచ్చే తీగ ఒకటి విప్పి, రెండు కాళ్ళ మధ్య ఓమ్‌లు కొలవాలి. ఇక్కడ 26.4 వచ్చింది. లెక్క ప్రకారం 230 × 230 ÷ 2000 = 26.45. కాయిల్ తెగలేదు.
2. కాయిల్ కాలికీ ట్యాంకు బాడీకీ మధ్య మల్టీమీటర్ ఏమీ చూపలేదు. బాగానే ఉందనుకున్నాం. ఇది తప్పు, ఎందుకో దశ 4లో.
3. పాత థర్మోస్టాట్ కడ్డీ లాగి, అదే పొడవున్న కొత్తది దూర్చి తీగలు కలిపాం.

మళ్ళీ పరీక్ష: 13 నిమిషాలు, 35 డిగ్రీలు. ఏమీ మారలేదు.

కారణం అప్పుడు తట్టింది. థర్మోస్టాట్ కడ్డీ నీళ్ళను నేరుగా తాకదు, కాయిల్ పక్కనే ఉన్న సన్నని గొట్టంలో ఉంటుంది. కాయిల్‌కూ ఆ గొట్టానికీ మధ్య గార గడ్డకడితే కాయిల్ వేడి నీళ్ళలోకి పోకుండా ముందు గొట్టానికి చేరుతుంది. ఆ గొట్టం వేడిని కడ్డీ నీళ్ళ వేడి అనుకుని కట్ చేసేస్తుంది. కొత్త కడ్డీ పెట్టినా అంతే. టపటప చప్పుడు కూడా దీనికి గుర్తే: గార పొర కింద చిక్కిన నీళ్ళు ఆవిరై పగులుతుంటే వచ్చే చప్పుడది.

కొన్ని చోట్ల మెకానిక్కులు ఈ దశలో ఎర్ర బటన్ కటౌట్‌ను చిన్న తీగ ముక్కతో కలిపేసి, "ఇప్పుడు కాగుతాయి చూడండి" అని వెళ్ళిపోతారు. కటౌట్ పడి ఉంటే నిజంగానే కాగుతాయి. ఆ తర్వాత థర్మోస్టాట్ ఇరుక్కుపోయిన రోజున ఆపేవాడు లేక ట్యాంకులో నీళ్ళు మరుగుతాయి. దయచేసి అలా చేయనివ్వకండి. కటౌట్ ఊరికే పడదు.

ఖర్చు: థర్మోస్టాట్ 380. ఇప్పటిదాకా 980. సమయం, ఇదీ మొదటి నుంచి కలిపి: 2 గంటల 30 నిమిషాలు.

దశ 2: ఫ్లాంజి విప్పడం (నవంబరు 5)

1. గీజర్‌కు వచ్చే యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చన్నీళ్ళ కుళాయి) మూయాలి.
2. వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచాలి, గాలి లోపలికి పోవడానికి.
3. చన్నీళ్ళ కనెక్షన్ పైపు విప్పి, ట్యూబు తగిలించి నీళ్ళు బకెట్లలోకి వదలాలి.
4. ఫ్లాంజి (కాయిల్ బిగించి ఉన్న ట్యాంకు కింది బిళ్ళ) ఏ వైపు తిరిగి ఉందో మార్కర్‌తో ట్యాంకు మీద గీత గీయాలి.
5. 10 మి.మీ. గొట్టం స్పానర్‌తో ఆరు నట్లు విప్పాలి. తుప్పు పట్టినవి ఉంటే ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి.

నీళ్ళన్నీ పోయాయనుకుని ఫ్లాంజి లాగితే పొరపాటే. చన్నీళ్ళ గొట్టం మూతి ట్యాంకు అడుగు కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది. అందువల్ల అడుగున మిగిలిన రెండు లీటర్ల బురదనీళ్ళు, పొలుసులతో సహా ఒక్కసారిగా మీద పడతాయి. బకెట్ పట్టుకుని మరొకరు పక్కన ఉండాలి.

బయటికొచ్చిన కాయిల్ చిటికెన వేలు లావు ఉండాల్సింది, బొటనవేలు కంటే లావుంది. గార పొరలు పొరలుగా, ఉల్లిపాయ కోసినట్టు ఉంది. బయటి పొర గోధుమరంగు, లోపలికి పోయేకొద్దీ తెలుపు. థర్మోస్టాట్ గొట్టం, కాయిల్ మెలిక, రెండూ కలిసి ఒకే సున్నపు గడ్డలో పూడిపోయాయి. పక్కనున్న మెగ్నీషియం ఆనోడ్ కడ్డీలో మిగిలింది మధ్యలోని ఇనుప తీగ ఒక్కటే. ట్యాంకు బదులు తాను తుప్పుకు బలవడమే ఆ కడ్డీ పని. అది అయిపోతే తర్వాత వంతు ట్యాంకుదే.

ఫ్లాంజి కన్నం కింద బకెట్ పెట్టి, చన్నీళ్ళ పైపు తిరిగి తగిలించి, యాంగిల్ కాక్ రెండు మూడు సార్లు క్షణం పాటు తెరిచి మూస్తే అడుగు పొలుసులన్నీ కొట్టుకొచ్చాయి. ఎండబెట్టి తూస్తే కిలో 400 గ్రాములు. ఎక్కువేమీ కాదు. చలికాలం 120 రోజులు, రోజుకు 60 లీటర్లు కాగితే 7200 లీటర్లు. లీటరుకు 520లో 100 మిల్లీగ్రాములు గార కట్టినా ఏడాదికి 720 గ్రాములు. రెండేళ్ళకు దాదాపు ఇంతే.

ట్యాంకు గోడలకున్న పలుచని పొరను గీకలేదు. దానివల్ల కాగడానికి అడ్డేమీ లేదు, ఇనుప బ్రష్షుతో గీకితే లోపలి పూత పోతుంది.

ఖర్చు లేదు. మొత్తం 980. సమయం: 4 గంటల 30 నిమిషాలు.

దశ 3: గార కరిగించడం (నవంబరు 5 నుంచి 7)

చెక్క పుల్లతో రాలిందంతా రాల్చాక కాయిల్‌కు అంటుకుని ఇంకా సుమారు 200 గ్రాములు మిగిలింది.

వెనిగర్ పనిచేయలేదు. రెండు లీటర్లలో రాత్రంతా నానబెడితే పైపొర మెత్తబడి ఆగిపోయింది. ముందే లెక్క వేయాల్సింది: 4 శాతం వెనిగర్ లీటరులో ఉండే ఆమ్లం 40 గ్రాములు, అది కరిగించగలిగేది 33 గ్రాముల సున్నం. 200 గ్రాములకు ఆరు లీటర్లు పోయాలి.

నిమ్మఉప్పుతో తేలిగ్గా అయింది. అదే సిట్రిక్ యాసిడ్, కిరాణా కొట్టులో దొరికేదే. వంద గ్రాముల గారకు 140 గ్రాములు పడుతుంది.

1. ప్లాస్టిక్ డబ్బాలో 3 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 300 గ్రాముల నిమ్మఉప్పు.
2. కాయిల్, గొట్టం మునిగేలా, టెర్మినళ్ళు మాత్రం పైనే పొడిగా ఉండేలా తలకిందులుగా వేలాడదీయాలి.
3. బుడగలు ఆగేదాకా ఉంచాలి. ఇక్కడ 5 గంటలు పట్టింది.
4. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దాలి.

తొందరగా అవుతుందని సలసల కాగే నీళ్ళు పోయకండి. గార, నిమ్మఉప్పు కలిసి తయారయ్యే కాల్షియం సిట్రేట్ వేడి నీళ్ళలో కరగదు, తెల్లటి ముద్దగా మారి మళ్ళీ కాయిల్‌కే పట్టుకుంటుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు. అది గారతో పాటు కాయిల్ తొడుగునూ తినేస్తుంది, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఖర్చు: వెనిగర్ 110, నిమ్మఉప్పు కిలో 190. మొత్తం 1280. సమయం: నానబెట్టింది లెక్కలోకి తీసుకోకుండా 7 గంటల 30 నిమిషాలు.

దశ 4: ఆర్.సి.సి.బి. పడిపోవడం (నవంబరు 8)

కాయిల్ తళతళలాడుతోంది. బిగించి, నీళ్ళు నింపి, ప్లగ్గు పెట్టాం. గీజర్ స్విచ్ వేయనే లేదు, వంటింట్లో మిక్సీ ఆన్ చేయగానే ఇల్లంతా చీకటి. ఆర్.సి.సి.బి. ఎత్తితే నిలబడింది, మిక్సీ వేస్తే మళ్ళీ పడింది.

ఇది చాలామందిని తికమక పెడుతుంది, మిక్సీ పాడైందనుకుంటారు. అసలు సంగతి వేరు. గీజర్ స్విచ్ తెంచేది ఫేజ్ ఒక్కదాన్నే, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. కాయిల్ లోపల న్యూట్రల్ వైపు ఎర్త్‌కు తగిలితే, ఇంట్లో వేరే ఏ పరికరం నడిచినా న్యూట్రల్ కరెంటులో కొంత కాయిల్ ద్వారా ఎర్త్‌లోకి జారిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల లోపలే ఆర్.సి.సి.బి. పడుతుంది. గీజర్ ప్లగ్గు పూర్తిగా ఊడదీసి మిక్సీ వేసి చూడండి. అప్పుడు పడకపోతే దోషం గీజర్‌దే.

ఎలక్ట్రీషియన్ తెచ్చిన 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు బాడీలోకి జారుతుందా అని చూసే మీటర్) కాయిల్ కాలికీ బాడీకీ మధ్య చూస్తే సున్నా ఓమ్‌లు. భూతద్దంతో చూస్తే మెలిక దగ్గర వెంట్రుకంత పగులు. ఇన్నాళ్ళూ ఆ పగులును గారే పూడ్చి ఉంచింది. గార పోగానే నీళ్ళు, లోపలి తీగను తొడుగుకు తగలకుండా ఆపే తెల్లపొడిలోకి దిగాయి. 9 వోల్టుల మల్టీమీటర్ ఇలాంటి బలహీనతను పట్టుకోలేదు, దశ 1లో మోసపోయింది అక్కడే.

సరైన వరుస ఇది: మొదటిరోజే మెగ్గర్ పెట్టించాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువుంటే కాయిల్‌ను నానబెట్టే శ్రమ వద్దు, కొత్తదే కొనాలి.

కొత్త కాయిల్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్ళాలి. ఫ్లాంజి వ్యాసం, రంధ్రాల సంఖ్య, కాయిల్ పొడవు, థర్మోస్టాట్ గొట్టం పొడవు, వాట్లు, అయిదూ కలవాలి. "ఇది అన్నిటికీ సరిపోద్ది" అని ఇచ్చిన మొదటి కాయిల్ 3000 వాట్లది, లేబుల్ చదివి వెనక్కిచ్చాం. 3000 అంటే 13 ఆంపియర్లు, పాత సాకెట్‌కు అది భారం. కొత్త 2000 వాట్ల కాయిల్: 26.3 ఓమ్‌లు, మెగ్గర్‌లో 200 మెగాఓమ్‌ల పైనే.

ఖర్చు: కాయిల్ 720, ఆనోడ్ కడ్డీ 310, ఎలక్ట్రీషియన్‌కు 300. మొత్తం 2610. సమయం: 10 గంటలు.

దశ 5: గ్యాస్కెట్ కారడం (నవంబరు 9)

కాయిల్‌తో పాటు గ్యాస్కెట్ (ఫ్లాంజికీ ట్యాంకుకీ మధ్య ఉండే రబ్బరు) వస్తుందనుకున్నాం, రాలేదు. పాతదాన్ని కడిగి వాడాం. నిమిషానికి పన్నెండు చుక్కలు, అవీ సరిగ్గా థర్మోస్టాట్ టెర్మినళ్ళ మీద. నట్లు ఇంకా బిగిస్తే ఒకటి మర జారిపోయింది. ఎండి, నొక్కుకుపోయిన రబ్బరు ఎంత బిగించినా పట్టదు. విప్పిన ప్రతిసారీ కొత్త గ్యాస్కెటే వేయాలి.

1. ట్యాంకు అంచు మీది పాత రబ్బరు ముక్కలు, గార తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.
2. కొత్త గ్యాస్కెట్ పొడిగా పెట్టాలి, జిగురు వద్దు.
3. నట్లు ఒకదాని తర్వాత దాని ఎదురుది, మూడు విడతల్లో బిగించాలి.
4. వేడినీళ్ళ కుళాయి తెరిచే ఉంచి నీళ్ళు నింపాలి. గాలి బుసలు ఆగి ధార నిలకడగా వచ్చాకే కరెంటు. నీళ్ళు లేకుండా కాయిల్ వెలిగితే నిమిషాల్లో పోతుంది.
5. ఒకసారి కాచి, చల్లారాక, ప్లగ్గు తీసి నట్లు మరో పావు తిప్పు బిగించాలి.

అడుగున టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా ఉంచితే పొద్దున పొడిగానే ఉంది.

ఖర్చు: గ్యాస్కెట్ 70, స్టీలు నట్లు 40. మొత్తం 2720. సమయం: 11 గంటలు.

దశ 6: లెక్క ఇంకా కుదరలేదు (నవంబరు 10)

22 నుంచి 60 డిగ్రీలకు 38 నిమిషాలు. 33 రావాలి. 3980 కిలోజౌళ్ళను 38 నిమిషాలతో భాగిస్తే 1745 వాట్లు. కాయిల్ కొత్తది, ఓమ్‌లు సరిగ్గా ఉన్నాయి. అంటే వోల్టేజి తక్కువ అందుతోంది. దశ 0లో వదిలేసిన రెండు డిగ్రీల తేడా ఇదే.

గీజర్ నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ కొలిచిన అంకెలు: బోర్డు దగ్గర 226 వోల్టులు, గీజర్ టెర్మినళ్ళ దగ్గర 217. మధ్యలో 9 వోల్టులు పోతున్నాయి. 18 మీటర్ల 2.5 చదరపు మి.మీ. తీగ తినగలిగేది రెండు వోల్టులకు కాస్త ఎక్కువ. మిగతా 6.8 వోల్టులు ప్లగ్గు, సాకెట్‌లలోనే. 8.2 ఆంపియర్లతో గుణిస్తే 56 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు 25 వాట్లు చాలు, ఇక్కడ అలాంటివి రెండు గోడలోని సాకెట్‌లో రోజూ వెలుగుతున్నట్టు. ఊడదీస్తే ఫేజ్ పిన్ను నల్లబడి ఉంది, సాకెట్ లోపలి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి బుగ్గలా ఉబ్బింది.

కొత్త 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్గు. పాత తీగ చివర రెండు సెంటీమీటర్లు కోసి, శుభ్రమైన రాగి దగ్గర బిగింపు. ఇప్పుడు టెర్మినళ్ళ దగ్గర 224 వోల్టులు, 1900 వాట్లు, 36 నిమిషాలు. వేడి నష్టం కలుపుకుంటే లెక్క కుదిరింది.

మీ గీజర్ అరగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు మీద చేతి వెనకభాగం ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే ఆ రోజే మార్చాలి.

ఖర్చు: సాకెట్, ప్లగ్గు 320, ఎలక్ట్రీషియన్‌కు 200. మొత్తం 3240 రూపాయలు. వృథా అయినవి థర్మోస్టాట్, వెనిగర్ కలిపి 490. సమయం: 12 గంటలు.

దశ 7: ఇప్పటి స్థితి (నవంబరు 16)

థర్మోస్టాట్‌ను 75 నుంచి 60కి దించాం. నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే గార అంత వేగంగా కడుతుంది. నిండా ఒకసారి కాగడానికి 1.1 యూనిట్లు అవుతోంది. గార ఉన్నప్పుడు కరెంటు రెట్టింపు కాలుతుందని చెబుతుంటారు, అది సరికాదు. నీళ్ళలో మునిగిన కాయిల్ వేడి ఆలస్యంగానైనా నీళ్ళలోకే పోతుంది. నష్టం కాయిల్‌కు, మన సమయానికి.

కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. కింద మగ్గు పెట్టి కొలిస్తే ఒక్క కాపుకు 350 మిల్లీలీటర్లు. ఇది లీకు కాదు. 25 లీటర్లు 22 నుంచి 60కి కాగితే అంతకంతే వ్యాకోచిస్తాయి, వెనక్కి పోయే దారిని వాల్వ్ మూసేస్తుంది కాబట్టి ఆ కన్నంలోంచి రావాల్సిందే. చుక్కలు పడుతున్నాయని ఆ కన్నాన్ని ఎంసీల్‌తో పూడ్చిన గీజర్లు ఉన్నాయి. అలా పూడ్చితే పగిలేది ట్యాంకే. సన్నని ట్యూబు తగిలించి నీళ్ళు నేల జాలీ దగ్గరికి వదిలాం. గీజర్ చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటేనే వాల్వ్ లోపల పొలుసు ఇరుక్కుందని అర్థం. లివర్ రెండుసార్లు ఎత్తి దించితే పోతుంది.

నెలకోసారి: ఆర్.సి.సి.బి. టెస్ట్ బటన్, వాల్వ్ లివర్, ప్లగ్గు వేడి. 22 నుంచి 60కి పట్టే సమయం గీజర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంచాం: 36. లైటు 30 లోపే ఆరితే మళ్ళీ ఫ్లాంజి విప్పాలి. ఆనోడ్ కడ్డీ ఎంత మిగిలిందో వచ్చే ఏడాది దీపావళి తర్వాత చూడాలి, ఈసారి కొత్త గ్యాస్కెట్ ముందే కొని మూత లోపల కట్టిపెట్టాం.